మామ్మ తాగించిన చారు

మా అపార్ట్‌మెంటులో నా పక్క వాటా ఖాళీ అయింది. పోయిన వారం గేటుకి బోర్డు కట్టారు, అద్దెకిస్తాం, శాకాహారులకు మాత్రమే అని. ఆ సాయంత్రమే సెక్రటరీ కుర్రాడు మా ఇంటికొచ్చి, "మీకోసమే అలా రాయించామండీ ఆంటీ. ఒక్కరే ఉంటారు, ఆ వాసనలవీ మీకు పడవు కదా," అన్నాడు. మంచిపని చేశానన్న సంతోషం అతని మొహంలో కనిపిస్తోంది. కాఫీ ఇచ్చి పంపించాను. నేను పుట్టి ఇన్నేళ్ళలో కోడిగుడ్డు కూడా ముట్టలేదని ఇక్కడ అందరికీ తెలుసు. అది నిజమే, ఒక్క మధ్యాహ్నం మాట పక్కన పెడితే.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళో పదేళ్ళో. మాది నూజివీడు. నాన్న మామిడికాయల వర్తకం చేసేవాడు. చెట్లు పూత మీద ఉండగానే తోటల కాపు కొని, కాయ తయారయ్యాక దించి, ఎడ్లబళ్ళ మీద హనుమాన్ జంక్షన్ దాకా తోలించి, అక్కడ లారీలకెక్కించేవాడు. అంతకు ముందు చలికాలంలో మా అమ్మ జ్వరం వచ్చి పోయింది. నాకు తోబుట్టువులు లేరు. ఇంట్లో మిగిలింది నాన్న, నాన్నను కన్న మామ్మ, నేను.

అమ్మ పోయాక ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. నాన్న వచ్చేవాడు, అన్నం తినేవాడు, గోడవైపు తిరిగి పడుకునేవాడు. అమ్మ చీరలన్నీ మామ్మ పెట్టెలో పెట్టి తాళం వేసింది. మధ్యాహ్నాలు నేను ఆ పెట్టెకి ఆనుకుని పడుకునేదాన్ని. మూత సందులోంచి కలరా ఉండల వాసన వచ్చేది. చీరల వాసన కోసం ముక్కు ఎంత దగ్గరగా పెట్టినా అదొక్కటే వచ్చేది.

వేసవి సెలవులిచ్చాక ఒకనాడు నాన్న అన్నం తింటూ, "ఇద్దరూ ఇక్కడ కూర్చుని గోడలు చూడ్డమెందుకమ్మా? చాట్రాయి వైపు పెద్ద తోట కొన్నాను. కాయ కోతలయ్యేదాకా అక్కడ పాకలో ఉందురుగాని రండి," అన్నాడు. మామ్మ తన మడిబట్టలు, ఇత్తడి గిన్నెలు, దేవుడి పెట్టె సర్దుకుంది. నేను అమ్మ దువ్వెన ఒక్కటీ గౌను జేబులో వేసుకున్నాను.

తోట మధ్యలో రెండు గదుల తాటాకు పాక. ఒక గదిలో మేము. రెండో గదిలో వరిగడ్డి పరిచి మాగేసిన కాయలు. వచ్చిన కొత్తలో ఆ వాసన ఎంత పీల్చినా తనివి తీరేది కాదు. రానురాను జుట్టుకీ, దుప్పటికీ, తాగే నీళ్ళకీ కూడా అదే వాసన పట్టేసింది. చిన్నరసాలు మెత్తగా పిసికి, ముచిక తీసి నోటికి ఆనించుకుంటే మోచేతుల దాకా కారేది. పొద్దున మామిడికాయ పప్పు, మధ్యాహ్నం పెరుగన్నంలో పండు. వాకిట్లో చాప మీద మాగాయ ముక్కలు ఎండుతుండేవి. మామ్మ కునుకు తీసే వేళ చూసి ఆ ఉప్పుముక్కలు గుప్పెడు తెచ్చుకుని, చెట్టెక్కి కూర్చుని తినేదాన్ని. నాకు చిన్నప్పట్నుంచీ ఆయాసం ఉండేది. పులుపు తగలగానే గొంతులో పిల్లికూతలు మొదలయ్యేవి. ఆ కూతలే నన్ను మామ్మకి పట్టించేవి.

ఆడుకోవడానికి ఎవరూ లేరు. పచ్చికాయ ముచిక విరిస్తే చిమ్మే సొనతో చేతి మీద అక్షరాలు రాసుకునేదాన్ని. మర్నాటికి ఆ చోట చర్మం కాలి, అక్షరం నల్లగా తేలేది. ఒకసారి అమ్మ పేరులో మొదటి అక్షరం రాసుకున్నాను. మామ్మ చూసి తిట్టలేదు. నా చెయ్యి ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కొబ్బరినూనె రాసింది.

మామ్మ గురించి చెప్పాలి. పొయ్యి వెలిగించే ముందు ప్రతి కట్టెనీ నేలకేసి తట్టి, చీమలన్నీ దిగిపోయాయని చూసుకునేది. చేదిన నీళ్ళు గుడ్డలో వడపోసి, ఆ గుడ్డను మళ్ళీ నూతి నీళ్ళలోకే జాడించేది. ఏ పురుగు ఇంటికి అది పోవాలి కదా అనేది. నూజివీడులో మాంసం కొట్టున్న సందు మా ఇంటికి దగ్గరి దారి. అయినా చుట్టూ తిరిగే వచ్చేది. "ఇన్ని కాయలూ గింజలూ ఇచ్చాడు భగవంతుడు. ఒక ప్రాణం తియ్యకుండా బతకొచ్చు కదమ్మా," అనేది. ఆ మాట ఎవరినీ ఎత్తిపొడిచినట్టు ఉండేది కాదు. తనకు అది అంత తేలిగ్గా కనబడేది.

ఆ ఏడు గబ్బిలాలు విరుచుకుపడ్డాయి. తెల్లవారి లేచేసరికి చెట్ల కింద నేలంతా కొరికి పడేసిన పళ్ళు. మా ప్రాంతంలో పెద్ద గబ్బిలాలుంటాయి, రెక్క విప్పితే చిన్న గొడుగంత. తోటకి అవతల వాగు గట్టున మద్దిచెట్ల నిండా పగలంతా తలకిందులుగా వేలాడుతుండేవి. నాన్న పొద్దున్నే వచ్చి ఆ పళ్ళను కాలితో తిరగేసి చూసేవాడు. ఒకరోజు ఎక్కణ్ణుంచో తుపాకి అతన్ని పిలుచుకొచ్చాడు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు, మాట తక్కువ. వెంట భార్య వచ్చింది. తోట కంచె అవతల కొమ్మలూ ఆకులూ కప్పి వాళ్ళిద్దరూ చిన్న గుడిసె వేసుకున్నారు.

మర్నాడు మధ్యాహ్నం వాగు వైపు నుంచి తుపాకి మోగింది. మామ్మ చేతిలో పని ఆపేసింది.

"ఏంట్రా అది?"

"ఉత్త శబ్దమేనమ్మా. మందు పేలిస్తే బెదిరి వేరే చోటికి పోతాయి," అన్నాడు నాన్న.

"పాపం, అంత చప్పుడుకి గుండె ఆగి చస్తాయేమోరా. కాస్త దూరం నుంచి కాల్చమను."

నాన్న సరేనన్నాడు.

నిజమేమిటో నాకు త్వరలోనే తెలిసింది. ఏమీ తోచక కంచె సందులోంచి దూరి ఆ గుడిసె దగ్గరికి పోయేదాన్ని. ఆవిడకి మా అమ్మ వయసుంటుంది. మొదట్లో, "పోండి పాపగారూ, మామ్మగారు చూస్తే కోప్పడతారు," అనేది. నేను కదలకపోతే తన పని తాను చేసుకునేది. నల్లటి రెక్కలు కోసి ఓ పక్కన పడేసి, మిగిలినదాన్ని శుభ్రం చేసి, పసుపూ మిరియాలూ వేసి కుండలో ఉడికించేది. నేను మొదటిసారి అలా కోయడం చూసింది అక్కడే. భయపడ్డానని చెప్పలేను. వాటి మొహాలు చిన్న కుక్కపిల్లల మొహాల్లా ఉన్నాయని మాత్రం అనిపించింది.

"అన్నీ మీరే తింటారా?" అని అడిగాను.

"ఎక్కడ తింటామండి అన్నేసి? తినగలిగినన్ని తింటాం. తక్కినయ్యి గొయ్యి తీసి పాతెయ్యమన్నారు నాన్నగారు. మీ మామ్మగారి కంట పడకూడదన్నారు. మీరూ చెప్పమాకండి."

ఒకరోజు తెచ్చిన వాటిలో ఒక తల్లి రొమ్ముకి పిల్ల అతుక్కుని ఉంది. పిల్ల బతికే ఉంది. ఆవిడ దాని గోళ్ళు ఒక్కొక్కటీ విడదీసి, వేపకొమ్మకి తగిలించింది. అది కిచకిచమంటూ కొమ్మ మీద ముందుకీ వెనక్కీ పాకింది. ఆవిడ కాసేపు పని మానేసి, నన్ను దగ్గరికి లాక్కుని, జడ విప్పి మళ్ళీ అల్లింది. నా జేబులో ఉన్న అమ్మ దువ్వెన తీసి ఇచ్చాను. అమ్మ పోయాక ఎవరైనా నా తల అంత నెమ్మదిగా దువ్వడం అదే మొదలు. మర్నాడు వెళ్ళి చూస్తే కొమ్మ మీద ఏమీ లేదు.

కోతలు జోరుగా ఉన్న రోజుల్లో ఒకనాడు నాన్న బళ్ళతో జంక్షన్‌కి వెళ్ళాడు. పొద్దున్నించి మబ్బు పట్టి ఉక్కపోత. నాకు ఆయాసం ఎప్పటిలాగే మొదలైంది కానీ ఎప్పటిలాగా తగ్గలేదు. మామ్మ కర్పూరం వేసి కాచిన నూనె రాసింది, వాము వేడి చేసి గుడ్డలో కట్టి కాపింది. మధ్యాహ్నానికి పడుకోలేకపోయాను. కూర్చుని, చేతులు నేలకి ఆనించి, గాలి కోసం నోరు తెరుస్తున్నాను. గోళ్ళు నీలంగా అయ్యాయని మామ్మ తరవాత చెప్పింది. డాక్టరు ఉన్నది నూజివీడులో. బండి లేదు. కాయ కోసేవాళ్ళంతా దూరంగా తోట అవతలి చివర ఉన్నారు. ఆరు నెలల కిందట తన చేతుల్లోనే కోడల్ని పోగొట్టుకున్న మనిషి. పాక బయటికి పరిగెత్తి ఎవరినో పిలిచింది. ఆ పిలుపులో మాటల్లేవు.

తుపాకి అతని భార్య వచ్చింది. నన్ను ఒకసారి చూసి వెనక్కి వెళ్ళిపోయింది. కాసేపటికి మూత పెట్టిన గిన్నెతో వచ్చి, గడప అవతలే నిలబడింది.

"మా ఆయన సైకిలు మీద నాన్నగారికి కబురు చెప్పడానికి పోయాడండి. ఈలోపు పాపగారికి ఈ చారు తాగించండి. వేడిగా ఉంది. ఆయాసం తగ్గుద్దండి."

"ఏం చారు?"

ఆవిడ అబద్ధం చెప్పొచ్చు. మిరియాల చారు అంటే మామ్మ మారుమాట అనకుండా పుచ్చుకునేది. ఆవిడ తలొంచుకుని, "గబ్బిలందండి. మా వాళ్ళల్లో ఉబ్బసానికి ఇదే ఇస్తారండి," అంది.

మామ్మ గిన్నె మూత వైపు చూసింది. తరవాత, "గబ్బిలం ఎక్కడిదమ్మా?" అంది.

"నాన్నగారు కొట్టిస్తున్నారు కదండీ. మేం తినగా మిగిలినయ్యి పాతెయ్యమన్నారు."

వాగు వైపు నుంచి ఇన్నాళ్ళూ విన్న చప్పుళ్ళన్నీ మామ్మకి ఒక్కసారే అర్థమై ఉంటాయి. గుమ్మం కమ్మి పట్టుకుంది. నేను దగ్గలేక దగ్గుతున్నాను. నా వైపు చూసింది.

"తగ్గుతుందా?"

"మా చెల్లెలికి తగ్గిందండి. తగ్గుద్దని ఒట్టేసి చెప్పలేను."

మామ్మ లోపలికి వెళ్ళి దేవుడి పెట్టె మూత మూసింది. గడప దగ్గరికి వచ్చి ఆ గిన్నె రెండు చేతులతో అందుకుంది. నన్ను ఒళ్ళోకి తీసుకుని, ఊదుకుంటూ కొంచెం కొంచెం తాగించింది. ఉప్పు, మిరియాలు, పసుపు. వాటి అడుగున నేనెప్పుడూ ఎరగని ఇంకో రుచి. పొద్దున్నించి ఏమీ తినలేదేమో, నాకు అది బాగుంది. మామ్మ కళ్ళలోంచి నీళ్ళు నా తల మీద పడుతున్నాయి. అయిపోయాక గిన్నె తనే నూతి దగ్గర కడిగి, కింద పెట్టకుండా ఆవిడ చేతికే ఇచ్చింది.

పొద్దు వాలేసరికి ఊపిరి కాస్త ఆడింది. అప్పటికే మబ్బు విడిచి గాలి తిరిగింది. పెద్దయ్యాక ఒక డాక్టరుకి ఈ సంగతి చెబితే నవ్వి, చారుకీ దానికీ సంబంధం లేదు, వాతావరణం మారి తగ్గి ఉంటుంది అన్నాడు. అయ్యుండొచ్చు.

దీపాలు పెట్టే వేళకి నాన్న మందుసీసాతో పరిగెత్తుకుంటూ వచ్చాడు. నేను నిద్ర నటిస్తున్నాను. మామ్మ జరిగింది జరిగినట్టు చెప్పింది. నాన్న చాలాసేపు నమ్మలేదు.

"నువ్వా అమ్మా? మనింట్లో, నీ చేత్తో, దానికి మాంసం తాగించావా?"

"తాగించాను."

"నలుగురికీ తెలిస్తే?"

"తెలియనీ. నేను తాగించానని నీకింత కష్టంగా ఉందే, నువ్వు చంపించేటప్పుడు ఏమైందిరా?"

"అది వేరు. అది పంట కాపాడుకోవడం."

"నేనూ పిల్లని కాపాడుకోవడానికే తాగించాను. ఆ తుపాకి ఆయన చంపి తింటున్నాడు. నువ్వు చంపించి పాతిపెట్టిస్తున్నావు. నేను ఆ పళ్ళు పెరుగన్నంలో కలుపుకుని తింటూ, ఎవర్నీ చంపకుండా బతుకుతున్నాననుకున్నాను."

నాన్న చొక్కా కూడా విప్పకుండా పాక బయట మంచం మీద కూర్చున్నాడు.

మర్నాటి నుంచి తుపాకి మోగలేదు. నాన్నే ఆపించాడు. రోజులు గడిచేకొద్దీ చెట్ల కింద కొరికిన పళ్ళు తట్టలకొద్దీ పెరిగాయి. కూలీలు వాటిని ఎత్తి దూరంగా పారబోసేవాళ్ళు, తోటంతా పులిసిన వాసన. ఒక సాయంత్రం నాన్న మామ్మ ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. కోపం లేదు.

"నువ్వు ఎలా చెబితే అలా చేస్తానమ్మా. ఈ వర్తకమే మానెయ్యమంటే మానేస్తాను, ఎవరి కొట్లోనైనా గుమాస్తాగా చేరతాను. కానీ నేను కొనకపోతే ఈ తోట ఇంకొకడు కొంటాడు. వాడూ ఇదే చేస్తాడు. మనం తినే బియ్యం మాత్రం? చేలల్లో ఎలకల్ని పొగబెట్టి చంపకపోతే ధాన్యం ఇంటికి రాదు. ఎక్కడ ఆగమంటావు?"

మామ్మ, "నాకు తెలీదురా," అంది. ఆవిడ నోట ఆ మాట నేను అంతకు ముందు వినలేదు. కంచె అవతల తుపాకి అతని భార్య ఖాళీ కుండ బోర్లించుకుని కూర్చుని ఉండటం కూడా మామ్మ రోజూ చూస్తూనే ఉంది.

తరవాతి రోజు తుపాకి మళ్ళీ మోగింది. మామ్మ మునుపు ఆ వేళప్పుడు కాస్త కునుకు తీసేది. ఇప్పుడు వాగు వైపు తిరిగి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. చప్పుడు ఆగేదాకా లేచేది కాదు. ఆ వేసవిలోనే కాదు, ఆ తరవాత బతికినన్నాళ్ళూ మామిడిపండు నోట పెట్టలేదు. నాకు మాత్రం రసం పిండి గిన్నెలో పోసి ఇచ్చేది. తినొద్దని ఎప్పుడూ అనలేదు.

సంగతి ఊళ్ళోకి నాన్న ద్వారానే పాకింది. ప్రాయశ్చిత్తం ఏదైనా ఉందా అని మా పెదతాతగారిని అడిగాడు. ఆయన మా ఇంటిపెద్ద. వర్షాలు పడి మేము నూజివీడు తిరిగొచ్చాక, కర్ర పట్టుకుని మా ఇంటికొచ్చాడు. లోపలికి రాకుండా అరుగు మీదే కూర్చున్నాడు.

"పిల్ల ప్రాణం కోసం చేశావు, కాదనను. పురోహితుడితో మాట్లాడాను. శుద్ధి చేయించుకుంటే సరిపోతుందన్నాడు."

"దేనికి బావగారూ శుద్ధి?" అంది మామ్మ తలుపు చాటునుంచి. "చారు తాగించినందుకా, కాయలు అమ్ముకుంటున్నందుకా?"

"కాయల్లో దోషం ఏముందమ్మా? అది తెలిసి చేసింది కాదుగా."

"ఇప్పుడు తెలిసింది కదండీ."

ఆయన కర్ర అందుకుని లేచి వెళ్ళిపోయాడు. మామ్మ శుద్ధి చేయించుకోలేదు. మా వాళ్ళు మా ఇంట్లో మంచినీళ్ళు తాగడం మానేశారు. శ్రావణమాసంలో పేరంటాలకి నన్ను పిలవలేదు. వీధిలో పిల్లలు బొమ్మలపెళ్ళి చేసుకుంటూ నేను వెళితే వాకిలి తలుపు వేసేశారు. నేను మా గుమ్మంలో కూర్చుని వాళ్ళ పాటలు వినేదాన్ని. మామ్మ వచ్చి నా పక్కన కూర్చునేది. మరుసటి వేసవిలో మాత్రం ఆ ఇళ్ళన్నిటికీ నాన్న బుట్టలే వెళ్ళాయి. చిన్నరసాలు ఈసారి ఎంత తియ్యగా ఉన్నాయో అని వాళ్ళు అరుగుల మీద చెప్పుకోవడం మాకు వినపడేది.

ఆ వేసవి చివర్లో తుపాకి అతని భార్య ఏదో పని మీద ఊళ్ళోకొచ్చి మమ్మల్ని చూసిపోదామని వచ్చింది. పెరటి గుమ్మం దగ్గర నిలబడి పిలిచింది. మామ్మ వీధి తలుపు తీసి, ముందునుంచి రమ్మంది. హాల్లో పీట వేసింది, విస్తరి వేసింది. ఆవిడ కూర్చోలేక కూర్చోలేక కూర్చుంది. వంకాయ కూర, పప్పు, చారు, గడ్డపెరుగు. ఏడాదిగా మా ఇంట్లో బయటివాళ్ళెవరూ తినలేదు. మామ్మ పక్కన నిలబడి కొసరి కొసరి వడ్డించింది. ఆవిడ వెళ్ళేటప్పుడు నా తల నిమిరి, "ఊపిరి బాగా ఆడుతుందా పాపగారూ?" అని అడిగింది. ఆడుతోందన్నాను.

ఆవిడ వీధి మలుపు తిరిగాక మామ్మని అడిగాను. "ఆ రోజు నువ్వు చేసింది తప్పా మామ్మా?"

"తప్పే," అంది. విస్తరి తనే తీసి, నేల తుడుస్తూ, "మళ్ళీ నీకు అలా అయితే మళ్ళీ చేస్తాను. అంతమాత్రాన తప్పు కాకుండా పోదు," అంది.

ఆ తరవాత మామ్మకి ఒక అలవాటు పట్టుకుంది. అన్నం ముందు కూర్చుని, మొదటి ముద్ద కలిపి, కాసేపు చెయ్యి ఆపేది. పెదాలు కదిలేవి కాదు. ఏదో జపం అనుకుని నాన్న కూడా అంతసేపూ ఆగేవాడు. నేను పెద్దదాన్నయ్యాక ఒకసారి, ఏం మంత్రం అది అని అడిగాను.

"మంత్రం కాదే. ఈ ముద్ద నాదాకా రావడానికి ఎవరెవరు పోయారో మనకి తెలీదు కదా. ఊరికే తినెయ్యబుద్ధి కాదు. కాసేపు ఆగుతున్నాను, అంతే."

మామ్మ పోయి ఎన్నో ఏళ్ళయింది. నాన్నా లేడు. నా ఆయాసం పెళ్ళయ్యేనాటికే వదిలిపోయింది. వాగు గట్టున మద్దిచెట్లు కొట్టేశారని ఎవరో చెప్పారు. గబ్బిలాలు ఎటు పోయాయో అడగలేదు. మొదటి ముద్ద ముందు చెయ్యి ఆపడం నాకూ ఎప్పుడు అలవాటైందో తెలీదు. మా ఆయన ఉన్నన్నాళ్ళూ నేను దణ్ణం పెట్టుకుంటున్నానని తనూ ఆగేవాడు. ఇప్పుడు ఒక్కదాన్నే తింటాను. ఎంతసేపు ఆగినా, ఎందుకని అడిగేవాళ్ళు లేరు.